పియానో పుట్టుక – ఒక స్టాకు గుమాస్తా చూచినంత మేరకు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా ఇవ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఏ అమరావతి స్తూపాన్ని గురించో, కొండవీటి కోటను గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను పియానోను గురించి వ్రాస్తున్నాను. "మీకూ పియానోకూ ఏం సంబంధమండీ?" అని మా ఇంటావిడే అడిగింది. సంబంధం ఉన్నది. అదేమంత గొప్పగా చెప్పుకోదగినది కాదు గనుకనే ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పలేదు.

1978లో నేను కోస్తాలోని ఒక కార్యాలయంలో స్టోర్సు సీటు చూస్తుండేవాణ్ణి. దొరల కాలం నాటి పెంకుటింటి బంగళా మా ఆఫీసు. వెనుక గదిలో ఒక పెద్ద నల్లని చెక్క సామాను ఉండేది. మూడు కాళ్ళలో ఒకటి చెదలు తినేస్తే దాని కింద ఇటుకలు పేర్చారు. దాని మీద నిలువెత్తు ఫైళ్ళ కట్టలు. అది పియానో అని మాకు తెలుసు, అంతకు మించి తెలియదు. ఆ ఏడు ఆడిట్ వారు, పనికిరాని సామాను ఏళ్ళ తరబడి లెక్కలో ఎందుకు మోస్తున్నారని అభ్యంతరం వ్రాశారు. వెంటనే జాబితా తయారు చేయమని నాకు ఉత్తర్వయింది.

ఆ జాబితా నమూనా మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. వస్తువు పేరు, సంఖ్య, కొన్న తేదీ, ధర, గుర్తు లేక నంబరు, ప్రస్తుత స్థితి. విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బకెట్ల తరువాత నేను వ్రాసినది ఇది: "పెద్ద సంగీత పెట్టె, చెక్కది – 1. కొన్న తేదీ తెలియదు. నంబరు లేదు. మరమ్మతుకు పనికిరాదు."

నంబరు లేదని ఎట్లా వ్రాశానంటారా? మూత ఎత్తి చూడలేదు. మూత ఎత్తాలంటే ఫైళ్ళు దింపాలి. దింపవలసిన అటెండరు భోజనానికి వెళ్ళాడు. సాయంత్రంలోగా జాబితా పైకి పోవాలి. ఇంతే జరిగింది.

వేలంలో ఒక పాత ఇనుము వ్యాపారి దాన్ని 140 రూపాయలకు పాడుకున్నాడు. గుమ్మంలోంచి సామాను పట్టకపోతే, మనుషులను పెట్టి గొడ్డళ్ళతో అక్కడికక్కడే పగలగొట్టించాడు. తీగలు ఒక్కొక్కటీ తెగినప్పుడు వచ్చిన ధ్వనికి సెక్షనంతా కలాలు ఆపి కూర్చున్నాము. లోపలి నుంచి బంగారు రంగు పూసిన పెద్ద ఇనుప చట్రం బయటపడింది. నలుగురు మనుషులు దాన్ని బండి మీదికి ఎక్కించారు. చెక్క ముక్కలు హోటలు వాళ్ళ పొయ్యిలోకి పోయాయి. ఆడిట్ అభ్యంతరం మాఫీ అయింది.

తరువాత ఉద్యోగం చేశాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, రిటైరయ్యాను. 2017లో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు మనవరాలు పియానో నేర్చుకుంటోంది. ఆ పిల్ల మొదటిసారి మూత ఎత్తి, "తాతయ్యా, లోపల చూడు" అన్నప్పుడు నాకు కనపడింది ఆ బంగారు రంగు ఇనుప చట్రమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా అల్లుడితో ఈ సంగతంతా చెప్పాను. అతడు నవ్వలేదు. "మామయ్యగారూ, ఇవి చేసే ఫ్యాక్టరీ న్యూయార్కులోనే ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే చూడనిస్తారు. వెళదాం" అన్నాడు. ఒక రోజు సెలవు పెట్టుకొని తీసుకువెళ్ళాడు కూడా.

అక్కడ చూచినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాను.

ముందు పియానో పుట్టుక చెప్పాలి. అది ఒక స్టాకు రిజిస్టరుతో మొదలవుతుందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం అంతా ఇంతా కాదు. ఇటలీలో ఫ్లారెన్సు నగరాన్ని మెడిచీ వంశస్థులు ఏలేవారు. వారిలో ఫెర్డినాండో అనే రాకుమారుడు సంగీత ప్రియుడు. పాడువాలో 1655లో పుట్టిన బార్తొలోమియో క్రిస్తోఫోరి అనే వాద్యశిల్పిని 1688లో తన కొలువుకు తెచ్చుకున్నాడు. అప్పటికి హార్ప్సికార్డు అనే మెట్ల వాయిద్యం ఉన్నది. అందులో మెట్టు నొక్కితే చిన్న ముల్లు వంటిది తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే ధ్వని. క్రిస్తోఫోరి ఆ ముల్లు తీసివేసి చిన్న సుత్తి పెట్టాడు. సుత్తి తీగను కొట్టి వెంటనే వెనక్కి రావాలి, లేకపోతే ధ్వని అణగిపోతుంది. ఆ వెనక్కి వచ్చే ఏర్పాటే అతడి ప్రతిభ. ఇప్పుడు వేలి బరువును బట్టి మెల్లనా, గట్టినా రెండూ పలుకుతాయి. ఇటాలియన్ భాషలో "పియానో" అంటే మెల్లగా, "ఫోర్తే" అంటే గట్టిగా. మొదట ఆ రెండు మాటలూ కలిపి పిలిచేవారు, కాలక్రమాన "మెల్లగా" ఒక్కటే మిగిలింది.

ఈ సంగతి మనకు ఎట్లా తెలిసింది? 1700లో మెడిచీ వారి వాద్యాలకు ఒక సామాను జాబితా వ్రాశారు. అందులో క్రిస్తోఫోరి కొత్తగా చేసిన వాద్యం ఒకటి నమోదయి ఉన్నది. మెల్లగానూ గట్టిగానూ పలుకుతుందనీ, నాదపలక సైప్రస్ కర్రదనీ, తీగలను ఆపడానికి ఎర్రగుడ్డ అతికించిన ఆపులున్నాయనీ, తెలుపు నలుపు కలిపి 49 మెట్లనీ వ్రాసి ఉన్నది. ఆ వాద్యం ఇప్పుడు లేదు. క్రిస్తోఫోరి చేసిన పియానోలలో నేడు మిగిలినవి మూడే. వాటిలో పాతది 1720 నాటిది, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. మిగిలిన రెండూ రోములోను, లైప్జిగులోను ఉన్నాయి. అంటే తొలి పియానో పోయింది, దాన్ని గురించి వ్రాసిన పద్దు నిలిచింది. ఆ పద్దు వ్రాసినవాడు మెట్లు లెక్కపెట్టాడు, గుడ్డ రంగు చూచాడు. మూత ఎత్తకుండా అవి తెలియవు కదా!

ఆ తరువాత నూరేళ్ళలో పియానో పెద్దదయింది, తీగలు లావయ్యాయి, వాటి లాగుడుకు చెక్క చట్రాలు వంగిపోసాగాయి. 1821లో పారిసులో ఎరార్డు అనే శిల్పి ఒకే మెట్టును వెంటవెంటనే కొట్టినా పలికే ఏర్పాటు చేశాడు. 1825లో బోస్టనులో బాబ్‌కాక్ అనే ఆయన తీగల లాగుడునంతా తట్టుకునే ఒకే పోత ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే పారిసులో పాప్ అనే ఆయన సుత్తులకు తోలు బదులు ఒత్తిన ఉన్ని, అంటే ఫెల్ట్, తొడిగాడు. మా ఆఫీసు బంగళా వంటి చోట పియానోలో మొదట పురుగు పట్టేది ఆ ఉన్నికే. మన దేశపు ఉక్కకూ చెమ్మకూ తట్టుకోవాలని, దొరల కోసం పంపే పియానోలకు ఇత్తడి మరలు, పట్టీలు అదనంగా బిగించేవారట. మాది అటువంటిదేనేమో. చెప్పానుగా, చూడలేదు.

ఇక నేను చూచిన ఫ్యాక్టరీ. అది స్టెయిన్‌వే అండ్ సన్స్ వారిది. వంశ మూలపురుషుడు హైన్‌రిక్ స్టెయిన్‌వెగ్ 1797లో జర్మనీలోని హార్జ్ కొండల ప్రాంతంలో పుట్టాడు. జేసెన్ అనే ఊళ్ళో ఉంటూ 1836లో తన మొదటి గ్రాండు పియానోను ఇంటి వంటగదిలో చేశాడు. ఇప్పటికీ దాన్ని వంటింటి పియానో అనే పిలుస్తారు. 1850లో పెద్ద కొడుకు థియోడోరును అక్కడే ఉంచి, తక్కిన కుటుంబంతో న్యూయార్కు చేరాడు. యాభై మూడేళ్ళ వయస్సులో భాష తెలియని దేశానికి వెళ్ళి, వెంటనే సొంత దుకాణం పెట్టకుండా తండ్రీ కొడుకులు ఇతరుల దగ్గర కూలికి పనిచేశారు. 1853 మార్చి 5వ తేదీన సొంత కంపెనీ మొదలైంది. అమెరికాలో అమ్మిన మొదటి పియానో నంబరు 1 కాదు, 483. జర్మనీలో చేసిన 482 పియానోలనూ లెక్కలో కలిపారన్న మాట. మా సూపరింటెండెంటుగారు "పాత నిల్వ ముందుకు తేబడినది" అని వ్రాయించేవారు, ఆ పద్ధతే. అప్పటి నుంచి నేటి దాకా ఆ వరుస తెగలేదు.

కొడుకుల్లో హెన్రీ, లావు తీగలను సన్న తీగల మీదుగా ఏటవాలుగా పరిచే పద్ధతికి 1859లో గ్రాండు పియానోల విషయంలో పేటెంటు తీసుకున్నాడు. 1865లో హెన్రీ, ఛార్లెస్ ఇద్దరూ చనిపోయారు. అప్పుడు థియోడోరు జర్మనీలో వ్యాపారం అమ్ముకొని తండ్రికి తోడుగా వచ్చాడు. పని సంగతి థియోడోరు చూశాడు, అమ్మకాల సంగతి విలియం చూశాడు. విలియం 1861 నుంచి 1896లో తాను పోయేదాకా డైరీ వ్రాశాడు. అది స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నది. ఈ విలియమే 1870 ప్రాంతంలో క్వీన్సులోని ఆస్టోరియాలో స్థలాలు కొని ఫ్యాక్టరీ, పనివారికి ఇళ్ళు, బడి కట్టించాడు. నేను చూచిన ఫ్యాక్టరీ ఆ ఆస్టోరియాలోనిదే. 1880లో జర్మనీలోని హాంబర్గులో రెండో ఫ్యాక్టరీ పెట్టారు, అదీ నడుస్తున్నది.

లోపల అడుగుపెట్టగానే నన్ను ఆకట్టుకున్నది పియానో చుట్టు గోడను వంచే పని. మనం వంపు తిరిగిన పియానోను చూచి, దాన్ని పెద్ద దుంగలోంచి తొలిచి ఉంటారనుకుంటాము. మన బొబ్బిలి వీణ అట్లాగే పుడుతుంది. గొల్లపల్లి శిల్పులు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఇక్కడ అట్లా కాదు. గట్టి మేపుల్ కర్రను పలుచని పొడుగాటి బద్దలుగా తీసి, బద్దలకు జిగురు పూసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. తొమ్మిది అడుగుల కచేరీ పియానోకు 18 పొరలు. పొడవు 22 అడుగులు. ఆ తడి కట్టను ఆరుగురు మనుషులు, మన ఊళ్ళో పాడె మోసినట్లు అనకూడదు గాని, భుజాలకెత్తుకొని తెచ్చి, పియానో ఆకారంలో ఉన్న ఇనుప అచ్చు చుట్టూ ఒళ్ళంతా బరువు వేసి వంచుతారు. జిగురు ఆరేలోగా అయిపోవాలి. ఒకడు వెనుకబడితే కట్టంతా పాడు. వాళ్ళు మాట్లాడుకోరు, ఒకరి భుజం కదలిక బట్టి మరొకరు కదులుతారు. చుట్టూ మరలు బిగించి మర్నాటి దాకా వదిలేస్తారు. లోపలి గోడ, బయటి గోడ రెండూ ఒకేసారి వంచే ఈ పద్ధతికి థియోడోరు 1880లో పేటెంటు తీసుకున్నాడు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ పని నేటికీ చేతుల మీదనే సాగుతున్నది.

అచ్చు మీది నుంచి తీసిన గోడలను వెచ్చని గదిలో వరుసగా నిలబెడతారు. వారాలు, ఒక్కోసారి నెలలు అట్లా ఉంచుతారు. వంచిన కర్రకు తన పాత ఆకారం జ్ఞాపకముంటుంది, అది మరిచిపోయేదాకా ఆగాలి. ఒక పియానో పూర్తి కావడానికి ఏడాది పడుతుందంటే అందులో ఎంతో భాగం ఇట్లా ఊరకే ఆగడమే. మేము ఆ గదిలో నిలబడినప్పుడు మూతలు, తీగలు, కాళ్ళు లేని ఆ వంపు గోడలు చూచి మా అల్లుడు, "ఇది పెన్షను సెక్షనులా ఉంది మామయ్యగారూ" అన్నాడు. ఫైళ్ళు కూడా అట్లాగే వరుసగా నిలబడి ఉంటాయని అతడి భావం. నేను నవ్వాను గాని, మన ఫైళ్ళు ఆగింది వేరే కారణాలకు.

పియానోకు ప్రాణం నాదపలక. దానికి పసిఫిక్ తీరంలో పెరిగే సిట్కా స్ప్రూస్ అనే చెట్టు కర్ర వాడతారు. చలిలో మెల్లగా పెరగడం చేత దాని ఏటి వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ముడి ఉన్నదీ, వలయాలు సన్నగా లేనిదీ పక్కన పడేస్తారు. పలక మధ్యన సుమారు 9 మిల్లీమీటర్ల మందం, అంచులకు పోనుపోను పలచన. బల్లపరుపుగా ఉండదు, అప్పడం కొద్దిగా ఉబ్బినట్లు పైకి వంపు ఉంటుంది. వీణకు మనం గుర్రం అంటామే, అటువంటి పొడుగాటి దిమ్మ దీని మీద ఉంటుంది. తీగల కదలిక దాని ద్వారా పలకకు దిగుతుంది. వినపడే ధ్వని తీగది కాదు, పలకది.

పలక మీదుగా పోత ఇనుప చట్రం దించుతారు. కచేరీ పియానోలో దాని బరువు 150 కిలోల పైమాటే. 88 మెట్లకు రెండు వందల పైచిలుకు తీగలు. సన్న స్వరాలకు మూడేసి తీగలు, మందర స్వరాలకు రాగి చుట్టిన తీగలు ఒకటో రెండో. అన్నీ బిగించిన తరువాత మొత్తం లాగుడు దాదాపు 20 టన్నులు. నిండు లోడుతో ఉన్న రెండు లారీలను వేలాడదీసినంత బలం ఆ పెట్టెలో ఎల్లవేళలా అణగి ఉంటుంది. 1978లో గొడ్డలి దెబ్బకు తీగలు అంత చప్పుడు ఎందుకు చేశాయో ఆ అంకె విన్నాక అర్థమయింది. దెబ్బ తగిలి ఎవరి కన్నూ పోకపోవడం ఆ రోజు మా అదృష్టం.

మెట్ల యంత్రాంగం సంగతి వ్రాస్తూపోతే ఈ సంచిక చాలదు. మొత్తం పియానోలో 12,000కు పైగా భాగాలుంటే, ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. మెట్టు నొక్కడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలాలి, 88 మెట్లూ ఒక్కలాగే ఉండాలి. అందుకని ఒక్కొక్క మెట్టునూ తూచి, చెక్కలో చిన్న చిన్న సీసపు ముక్కలు దిగగొడతారు. ఆ తరువాత ఒక యంత్రం అన్ని మెట్లనూ వేలసార్లు దబదబ కొడుతుంది. తలుపు మూసి ఉన్నా వినలేకపోయాము.

చివరికి నాదం సరిచేసేవాడి చేతికి వస్తుంది. శ్రుతి చేయడం వేరు, ఇది వేరు. అతడు మెట్టు కొట్టి వింటాడు, సుత్తి బయటికి తీస్తాడు, దాని ఉన్నిలో సన్నని సూదులు రెండు మూడుసార్లు గుచ్చుతాడు. గుచ్చితే ఉన్ని మెత్తబడి ధ్వని మృదువవుతుంది. ఎక్కువ గుచ్చితే సుత్తి పాడవుతుంది. ఎన్నిసార్లు గుచ్చాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు. మేము చూచిన మనిషికి నా వయస్సుకు కొంచెం తక్కువ ఉంటుంది. పది నిమిషాలు ఒకే మెట్టు దగ్గర నిలబడ్డాడు, మా వైపు చూడనైనా లేదు.

అన్నీ వారు సరిగానే చేశారనుకోవద్దు. 1962లో యంత్రాంగంలోని కీళ్ళకు ఉన్నిగుడ్డ బదులు టెఫ్లాన్ వాడారు. చెమ్మకు ఉబ్బదు, అరగదు, లాభమే అనుకున్నారు. కాని చుట్టూ ఉన్న చెక్క మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. టెఫ్లాన్ కదలదు. కీళ్ళు వదులై టకటకమనసాగాయి. ఇరవై ఏళ్ళ తరువాత, 1982లో, మళ్ళీ గుడ్డకే వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో పియానోలు చేయడం మాని, సైనిక గ్లైడర్లకు చెక్క భాగాలు చేశారు. వంచిన చెక్క పనిలో వారిని మించినవారు లేరు కదా. తరువాత సైనికుల వినోదం కోసం ముదురాకుపచ్చ రంగు వేసిన చిన్న పియానోలు రెండు వేలకు పైగా చేసి పంపారు. కంపెనీ 1972లో స్టెయిన్‌వే కుటుంబం చేయి దాటింది. ఆ తరువాత ఎన్నో చేతులు మారింది. 2013లో కొన్నాయన అర బిలియను డాలర్లకు పైగా ఇచ్చాడు.

బయటికి వచ్చేముందు చూపించే ఆయన మూత ఎత్తి, ఇనుప చట్రం మీద ఒక నంబరు చూపించాడు. ఆ నంబరు చెబితే అది ఏ సంవత్సరంలో తయారయిందో చెప్పవచ్చునట. పాత పుస్తకాలు క్వీన్సులోనే లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీ వారి ఆర్కైవ్సులో భద్రపరిచారు. ఇతర కంపెనీల వారి పియానోలకు కూడా ఎక్కడో ఒకచోట నంబరు ఉంటుందా అని మా అల్లుడి చేత అడిగించాను. చాలావాటికి ఉంటుందని అన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకొని ఆ నంబరు దగ్గరగా చూచాను. ఆరు అంకెలు. చదవడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఇప్పుడు సభ్యులకు ఒక విన్నపం. మా కార్యాలయపు స్టాకు రిజిస్టరులో ఆ పియానో ఎదుట "పాత రిజిస్టరు నుండి తేబడినది" అని మాత్రమే ఉండేది. ఆ పాత రిజిస్టరు దొరల కాలం నాటిది, ఎర్ర కాలికో అట్ట, మూలలకు తోలు. నా ముందు ఆ సీటు చూచిన ఆయన అది రికార్డు రూములో ఉన్నదనేవారు. నేను వెళ్ళి చూడలేదు. అందులో పద్దు వ్రాసిన గుమాస్తా నా వంటివాడు కాకపోతే నంబరు వ్రాసే ఉంటాడు. 1975, 1985 మధ్య కోస్తాలోని ఆఫీసుల రికార్డు రూముల్లో పనిచేసి, ఇటువంటి రిజిస్టరు కంటబడిన మిత్రులెవరైనా ఉంటే, అది ఎక్కడికి పంపబడిందో సంఘం కార్యాలయం ద్వారా నాకు తెలియపరచ ప్రార్థన. ఉత్తరం వ్రాస్తే మేలు. ఫోనులో నాకు ఈమధ్య సరిగా వినపడటం లేదు.